కణం ఎలా చచ్చిందో చూపించగలరా? విశాఖలో ప్రాజెక్టు ఎంచుకునేవాళ్లకు నాలుగు దారుల పోలిక

మూడో సెమిస్టరు పరీక్షలు అయిపోయిన వారంలో ఒకమ్మాయి చిన్నవాల్తేరులో మా ఇంటికొచ్చింది. శ్రీకాకుళం పిల్ల, ఇక్కడ బయోటెక్నాలజీలో ఎమ్మెస్సీ చేస్తోంది. చేతిలో మడతపెట్టిన కాగితం, దాని మీద కణం చచ్చే నాలుగు దారుల పేర్లు: అపోప్టోసిస్, నెక్రోప్టోసిస్, పైరోప్టోసిస్, ఫెరోప్టోసిస్. "ఏది తీసుకోమంటారు మేడమ్? ఫెరోప్టోసిస్ కొత్తది కదా, ఇంటర్వ్యూల్లో దానికే విలువంట" అంది.

ఏటా ఈ రోజుల్లో ఈ ప్రశ్న నాకు ఎదురవుతూనే ఉంటుంది. ఆ రోజు ఆ పిల్లకు రెండు గంటలు చెప్పిందే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను. ఎమ్మెస్సీ ప్రాజెక్టు వాళ్లకు, పీహెచ్‌డీలో చేరబోతున్నవాళ్లకు, మెడికల్ కాలేజీలో పాథాలజీ పీజీ థీసిస్ అంశం వెతుక్కునేవాళ్లకు ఉపయోగపడుతుందని నా ఆశ.

ముందే నా అభిప్రాయం చెప్పేస్తాను. పేరు కొత్తదా పాతదా అన్నది చూసి ఎంచుకోకండి. "ఈ కణం ఈ దారిలోనే చచ్చింది" అని మీ చేతిలో ఉన్న పరికరాలతో రుజువు చేయగలరా అన్నది చూసి ఎంచుకోండి. రుజువు అంటే ఏమిటో కూడా మొదటే స్పష్టంగా ఉండాలి. ఆ దారికి అడ్డం వేసే మందు కలిపితే కణం బతకాలి. అడ్డం వేసినా చచ్చిందంటే మీరు అనుకున్న దారి కాదు. క్యాన్సర్‌కూ రోగనిరోధక శక్తికీ సంబంధించి ఏ ప్రశ్న వేసినా ఈ మెట్టు ఎక్కాకే.

నాలుగు చావులు

మన ఒంట్లో రోజూ వేల కోట్ల కణాలు చస్తుంటాయి. మనకు తెలియను కూడా తెలియదు, ఎందుకంటే వాటిలో ఎక్కువ భాగం అపోప్టోసిస్‌తో పోతాయి. 1972లో కెర్, వైలీ, కరీ అనే ముగ్గురు ఈ పేరు పెట్టారు. గ్రీకులో చెట్టు నుంచి ఆకులు రాలడమని అర్థం. కణం ముడుచుకుంటుంది, కేంద్రకం ముక్కలవుతుంది, డీఎన్ఏ దాదాపు 180 బేస్‌ల లెక్కన తెగుతుంది, చివరికి కణమంతా చిన్న చిన్న పొట్లాలుగా విడిపోతుంది. పొర మాత్రం చిరగదు. ఫాస్ఫటిడైల్ సెరీన్ అనే కొవ్వు మామూలుగా పొర లోపలి వైపు ఉంటుంది. అది బయటికి తిరిగితే "నన్ను తీసుకుపోండి" అని చెప్పినట్టు. పక్కనున్న మాక్రోఫేజ్‌లు వచ్చి మింగేస్తాయి. లోపలి సరుకు బయటపడదు కాబట్టి వాపు రాదు.

దీని వెనకున్న జన్యువులు సీ. ఎలిగాన్స్ అనే చిన్న పురుగులో దొరికాయి. ఆ పురుగు పెరిగేటప్పుడు 1090 కణాలు పుడితే వాటిలో కచ్చితంగా 131 చస్తాయి, 959 మిగులుతాయి. ఏ పురుగులో లెక్కపెట్టినా అంతే. ఈ పనికి బ్రెన్నర్, హార్విట్జ్, సల్స్‌టన్‌లకు 2002లో నోబెల్ వచ్చింది. క్యాన్సర్ వైపు నుంచి తలుపు తెరిచింది బీసీఎల్-2. ఫాలిక్యులర్ లింఫోమాలో 14, 18 క్రోమోజోముల ముక్కలు తారుమారైన చోట ఈ జన్యువు దొరికింది. క్యాన్సర్ జన్యువంటే కణాన్ని ఎడాపెడా విభజించేది అని అప్పటివరకూ అందరి నమ్మకం. బీసీఎల్-2 చేసేది అది కాదు, చావాల్సిన కణాన్ని చావనివ్వదు అని 1988లో డేవిడ్ వాక్స్ బృందం చూపించింది. దాన్ని అడ్డుకునే వెనెటోక్లాక్స్ 2016లో అమెరికాలో ఒక రకం రక్త క్యాన్సర్‌కు అనుమతి పొందింది. మిగతా మూడు దారుల్లో, ఆ దారి కోసమే తయారై క్యాన్సర్ వార్డుకు చేరిన మందు ఇంకా లేదు. "పాత అంశం" అని అపోప్టోసిస్‌ను తేలిగ్గా చూసేవాళ్లకు ఈ ఒక్క మాట చాలు.

ఫెరోప్టోసిస్ గురించి చెప్పడానికి మన ఊరికి మించిన ఊరు లేదు. పెదవాల్తేరులోనో ఎండాడలోనో సముద్రానికి ఎదురుగా ఇల్లున్నవాళ్లకు తెలుసు, బాల్కనీ గ్రిల్ ఎన్నిసార్లు రంగేసినా తుప్పు లోపలినుంచి ఎలా తినేస్తుందో. ఈ చావులోనూ ఇనుమే మూలం, కానీ తుప్పు పట్టేది ఇనుముకు కాదు, కణపు పొరలోని కొవ్వుకు. పెరాక్సైడ్‌లతో ఇనుము కలిస్తే రాడికల్స్ పుడతాయి. పొరలోని అసంతృప్త కొవ్వులు వాటితో ఒకదాని తర్వాత ఒకటి ఆక్సీకరణం చెందుతాయి, పాత నూనెకు కంపు పట్టినట్టు. మామూలుగా జీపీఎక్స్4 అనే సెలీనియం ఎంజైము గ్లూటాథయోన్ సాయంతో దీన్ని ఎప్పటికప్పుడు ఆర్పుతుంటుంది. గ్లూటాథయోన్ తయారు కావాలంటే సిస్టీన్ లోపలికి రావాలి. ఆ తలుపు మూస్తుంది ఎరాస్టిన్, జీపీఎక్స్4నే పట్టుకుంటుంది ఆర్‌ఎస్‌ఎల్3. 2012లో స్టాక్‌వెల్ ప్రయోగశాల నుంచి డిక్సన్ తదితరులు దీనికి పేరు పెట్టారు.

చిన్న ప్రయోగశాలకు ఈ దారిలో ఒక వరం ఉంది, అడ్డం వేసే మందులు ఖరీదైనవి కావు. ఇనుమును పట్టేసే డెస్‌ఫెరాల్, అదే తలసీమియా పిల్లలకు ఇచ్చేది, ఇక్కడ పనిచేస్తుంది. విటమిన్ ఇ పనిచేస్తుంది. ఫెరోస్టాటిన్-1 తెప్పించుకోగలిగితే మరీ మంచిది. సిస్టీన్ తలుపు మూయడానికి కీళ్లవాతానికి వాడే సల్ఫాసలజీన్ కూడా పనికొస్తుంది, కాకపోతే బలం తక్కువ.

శాపమూ ఉంది. ఈ చావు పరిసరాలను బట్టి మారిపోతుంది. ప్లేటులో కణాలు ఒత్తుగా ఉంటే తట్టుకుంటాయి, పలచగా ఉంటే పోతాయి. సీరం సీసా మారితే దాంట్లోని సెలీనియం, విటమిన్ ఇ మారతాయి, మీ అంకెలూ మారతాయి. మీడియంలో మెర్కాప్టోఇథనాల్ ఉంటే ఎరాస్టిన్ పనిచేయడం లేదనిపిస్తుంది, ఎందుకంటే సిస్టీన్ పక్కదారిన లోపలికి వచ్చేస్తుంది. ఓపిక, క్రమశిక్షణ ఉన్నవాళ్లకు మాత్రమే నేను ఫెరోప్టోసిస్ చెబుతాను. మొదటి నుంచి చివరిదాకా ఒకే సీరం సీసా, ఒకే కణాల సంఖ్య అని నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకోవాలి.

పైరోప్టోసిస్ ఇంకో రకం. పేరు 2001లో పెట్టారు, గ్రీకులో నిప్పు అని అర్థం. బ్యాక్టీరియా లోపలికి వచ్చిందని మాక్రోఫేజ్ పసిగట్టగానే ప్రోటీన్లను కోసే కాస్పేస్ ఎంజైముల్లో 1 గానీ, 4, 5 గానీ రగులుకుంటాయి. అవి గ్యాస్‌డెర్మిన్ డి అనే ప్రోటీన్‌ను రెండుగా కోస్తాయి. ఒక ముక్క పొరలో చేరి రంధ్రాలు చేస్తుంది. ఆ రంధ్రాల్లోంచి వాపు కబురు మోసే ఇంటర్‌ల్యూకిన్-1 బీటా బయటికి వచ్చి ఊరంతా చాటింపు వేస్తుంది. 2015లో ఫెంగ్ షావో బృందం, విశ్వ దీక్షిత్ బృందం విడివిడిగా దీన్ని కనుక్కున్నాయి. పొర చివరికి పేలిపోవడం కూడా దానంతటది జరిగేది కాదని, నింజ్1 అనే ప్రోటీన్ ఆ పని చేస్తుందని 2021లో తేలింది.

క్యాన్సర్ పరిశోధకులకు నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఈ కుటుంబంలోని గ్యాస్‌డెర్మిన్ ఇ. దీన్ని కోసేది కాస్పేస్-3, అంటే అపోప్టోసిస్‌లో చివరి కత్తి. 2017లో ఇది బయటపడ్డాక మొత్తం లెక్క మారింది. కీమో మందు అదే, రగిలిన కాస్పేస్ అదే. గ్యాస్‌డెర్మిన్ ఇ ఉన్న కణం పగిలి చస్తుంది, లేని కణం నిశ్శబ్దంగా రాలిపోతుంది. చాలా కణితులు ఈ జన్యువును మిథైలేషన్‌తో, అంటే డీఎన్ఏ మీద వేసే రసాయన ముద్రతో, మూసేసుకుంటాయి. క్యాన్సర్ కణాలను వెతికి చంపే రోగనిరోధక కణాలైన టీ కణాలు వదిలే గ్రాంజైమ్ బి కూడా దీన్ని నేరుగా కోయగలదని 2020లో చూపారు. అదే ఏడాది వచ్చిన మరో పని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఎలుకల్లో 4టీ1 రొమ్ము కణితిలో 15 శాతం కంటే తక్కువ కణాలు పైరోప్టోసిస్‌తో చస్తే చాలు, మిగతా కణితిని రోగనిరోధక వ్యవస్థ తుడిచేసింది.

నెక్రోప్టోసిస్ గురించి తక్కువే చెబుతాను. అపోప్టోసిస్ దారి మూసుకుపోయినప్పుడు కణానికి మిగిలే రెండో దారి ఇది. వైరస్‌లు కాస్పేస్-8ను అడ్డుకుంటే ఆర్‌ఐపీకే1, ఆర్‌ఐపీకే3 కలిసి ఎంఎల్‌కేఎల్‌ను లేపుతాయి, అది పొరను చీలుస్తుంది. కాస్పేస్-8 లేని ఎలుక పిండ దశలోనే చచ్చిపోతుంది. దానికి ఆర్‌ఐపీకే3 కూడా తీసేస్తే బతుకుతుంది. జీవశాస్త్రంలో ఇంత అందమైన రుజువులు అరుదు. కానీ ఆరు నెలల ప్రాజెక్టుకు ఇది బరువు. దీన్ని రప్పించడానికే మూడు పదార్థాలు కలపాలి: వాపు కబురు మోసే టీఎన్ఎఫ్, కణాన్ని బతికించే ప్రోటీన్లను తొలగించే స్మాక్ మిమెటిక్, కాస్పేస్‌లను అడ్డుకునే జెడ్‌వ్యాడ్. నిరూపించడానికి ఫాస్ఫో-ఎంఎల్‌కేఎల్ యాంటీబాడీ కావాలి. అది విదేశం నుంచి ఐస్ పెట్టెలో రావాలి. మీ గైడ్ ఇప్పటికే దీని మీద పని చేస్తుంటే సరే, లేకపోతే వద్దు. ఇంకో మెలిక ఉంది. మొదట దొరికిన నెక్రోస్టాటిన్-1 ఐడీఓ అనే ఎంజైమును కూడా అడ్డుకుంటుంది, ఆ ఎంజైము టీ కణాలను అణిచేది. రోగనిరోధక ప్రశ్న వేసేవాళ్లు ఆ మందు వాడితే ఏ ఫలితం దేనివల్ల వచ్చిందో తేలదు. నెక్రోస్టాటిన్-1ఎస్ అని సరిచేసిన రకం ఉంది, అదే అడగండి.

చప్పుడు చేసే చావు మంచిదా?

పిల్లలు ఇక్కడ తొందరపడతారు. అపోప్టోసిస్ నిశ్శబ్దం, మిగతావి చప్పుడు చేస్తాయి, చప్పుడు చేస్తే టీ కణాలు వస్తాయి, కాబట్టి క్యాన్సర్‌కు పగిలే చావే మంచిది అని సూటిగా గీత గీసేస్తారు. అలా కాదు.

మొదటిది, అపోప్టోసిస్ అంతా నిశ్శబ్దం కాదు. డాక్సోరుబిసిన్ లాంటి ఆంత్రాసైక్లిన్‌లతో చస్తున్న కణం చావకముందే కాల్‌రెటిక్యులిన్‌ను పొర మీదికి తెస్తుంది, ఏటీపీని వదులుతుంది, తర్వాత హెచ్‌ఎంజీబీ1 బయటపడుతుంది. ఈ మూడు గుర్తులు, శత్రువును టీ కణాలకు చూపించే డెండ్రిటిక్ కణాలను పిలుస్తాయి. క్రోమర్, జిట్‌వోగెల్ బృందాలు దీనికి ఇమ్యునోజెనిక్ సెల్ డెత్ అని పేరు ఖాయం చేశాయి.

రెండోది, వాపు ఎప్పుడూ మన పక్షమే ఉండదు. ఏళ్ల తరబడి సాగే వాపు కణితికే ఎరువు అవుతుంది.

మూడోది టీ కణాల సంగతి. 2019లో వచ్చిన ఒక మంచి పనిలో సీడీ8 టీ కణాలు ఇంటర్‌ఫెరాన్ గామా వదిలి, కణితి కణాల సిస్టీన్ తలుపును తగ్గించి, వాటిని ఫెరోప్టోసిస్ వైపు నెడతాయని తేలింది. ఇది చదివి ఉత్సాహపడేలోపు తెలుసుకోవాల్సింది, ఆ టీ కణాలు బతకడానికి కూడా జీపీఎక్స్4 కావాలి. ఒంటినిండా ఆర్‌ఎస్‌ఎల్3 లాంటిది పోస్తే శత్రువుతోపాటు సిపాయి కూడా పోతాడు.

అందుకే "ఏ చావు మంచిది" అన్న ప్రశ్న వదిలేసి, "ఈ కణితిలో, ఈ మందుతో, ఏ చావు జరుగుతోంది, అది ఎవరిని పిలుస్తోంది" అని అడగమంటాను. ఇది మీ ప్లేటులో సమాధానం దొరికే ప్రశ్న. కాకపోతే హద్దు గుర్తుంచుకోండి. పొర మీద కాల్‌రెటిక్యులిన్ కనబడినంతలో రోగనిరోధక స్పందన వచ్చిందని రాయకూడదు. అది తేలాలంటే చచ్చిన కణాలను ఆరోగ్యంగా ఉన్న ఎలుకకు టీకాలా ఇచ్చి, తర్వాత బతికున్న క్యాన్సర్ కణాలు ఎక్కించి, కణితి పెరుగుతుందా లేదా చూడాలి. దానికి జంతు నైతిక సంఘం అనుమతి కావాలి. ఎమ్మెస్సీ ఆరు నెలల్లో అది జరగదు, జరుగుతుందని గైడ్ చెప్పినా నమ్మకండి.

కణాల ఎంపికలో జారిపోయేవాళ్లే ఎక్కువ

నేను చూసిన ప్రాజెక్టు రిపోర్టుల్లో అంశం ఎంపిక కంటే సెల్ లైన్ (ల్యాబులో తరతరాలుగా పెంచే కణాల) ఎంపిక దగ్గరే ఎక్కువమంది దెబ్బతిన్నారు. ఫ్రీజర్‌లో ఏది ఉంటే అది తీసుకుంటారు. మన దగ్గర ఫ్రీజర్‌లో ఉండేవి హీలా, ఎంసీఎఫ్-7.

హీలాలో ఆర్‌ఐపీకే3 ఉండదు. అందులో నెక్రోప్టోసిస్ వెతకడమంటే ఎండిపోయిన బావిలో బొక్కెన వేయడమే. ఎంసీఎఫ్-7లో కాస్పేస్-3 జన్యువులో చిన్న ముక్క లేదు, ప్రోటీన్ తయారు కాదు. దానిలో కాస్పేస్-3 కొలిచి "మా మందు అపోప్టోసిస్ చేయడం లేదు" అని రాసేవాళ్లున్నారు. తెగిన డీఎన్ఏ ముక్కలు జెల్‌లో మెట్లుగా కనబడే డీఎన్ఏ నిచ్చెన రాలేదని దిగులుపడేవాళ్లూ ఉన్నారు. మందు తప్పేమీ లేదు, ఆ కణంలో కత్తే లేదు.

నెక్రోప్టోసిస్‌కు హెచ్‌టీ-29, ఫెరోప్టోసిస్‌కు 2012 నాటి మొదటి పనిలో వాడిన హెచ్‌టీ-1080, పైరోప్టోసిస్‌కు మాక్రోఫేజ్‌లా మార్చిన టీహెచ్‌పీ-1 నమ్మకమైనవి. సెల్ లైన్లను పుణెలోని ఎన్‌సీసీఎస్ కణ భాండాగారం నుంచి తెప్పించుకోండి. పక్క ల్యాబులో స్నేహితురాలు ఇచ్చిన ఫ్లాస్కు మీద రాసిన పేరు నిజమో కాదో ఎవరికీ తెలియదు. మైకోప్లాస్మా అనే చిన్న బ్యాక్టీరియా ఉందేమో పరీక్ష చేయకుండా ఒక్క ప్రయోగం కూడా మొదలుపెట్టకండి. మైకోప్లాస్మా పట్టిన కణం మైక్రోస్కోపులో శుభ్రంగానే కనబడుతుంది, దాని స్పందనలన్నీ మారిపోయి ఉంటాయి.

పరీక్షల్లో ఏది, గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కేవి ఏవి

నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. ఎమ్మెస్సీలో నేను తెన్నేటి పార్కు కింద రాళ్ల మీద పెరిగే సర్గాసం నాచు ఏరుకొచ్చి, సారం తీసి, క్యాన్సర్ కణాల మీద పోసి, ఎంటీటీ చేశాను. మోతాదు పెంచే కొద్దీ బతికిన కణాలు 100 శాతం దాటి 130, 140 వస్తున్నాయి. నాచు కణాలను పెంచుతోందని రాసుకున్నాను. నాలుగు నెలల తర్వాత కణాలే లేని ప్లేటు గుంటల్లో సారం ఒక్కటీ పోసి చూస్తే అక్కడా ఊదారంగు వచ్చింది. ఎంటీటీ అంటే పసుపు రంగు టెట్రజోలియంను బతికున్న కణంలోని ఎంజైములు ఊదారంగు ఫార్మజాన్‌గా మార్చడం. మొక్కల్లోని, నాచులోని పాలీఫినాల్స్ ఆ మార్పును కణం లేకుండానే చేసేస్తాయి. నాలుగు నెలలు నేను కొలిచింది నాచునే.

అందుకని ఎంటీటీ చేయొద్దని కాదు. చౌక, తొందరగా అవుతుంది, మోతాదు ఎంత ఉండాలో చూచాయగా చెబుతుంది. కణం లేని గుంటలు తప్పనిసరిగా పెట్టండి, చచ్చిన కణాలకే పట్టే ట్రిపాన్ బ్లూ రంగుతో చేత్తో లెక్కపెట్టి సరిచూడండి. అంకె తగ్గిందంటే కణం చచ్చిందనే కాదు, విభజన ఆగినా తగ్గుతుంది. "ఎంటీటీలో ఐసీ50 (అంకెను సగానికి తగ్గించే మోతాదు) వచ్చింది కాబట్టి అపోప్టోసిస్" అన్న వాక్యం మీ రిపోర్టులో ఉండకూడదు.

అపోప్టోసిస్ చూపించడానికి అందరూ చెప్పేది అనెక్సిన్ వి (బయటికి తిరిగిన ఫాస్ఫటిడైల్ సెరీన్‌ను పట్టేది), పీఐ (పొర చిరిగిన కణంలోకే వెళ్లే రంగు) జంట, కణాలను ఒక్కొక్కటిగా లేజర్ ముందు నడిపించి కొలిచే ఫ్లో సైటోమీటర్‌లో. బాగుంటుంది. కానీ విశాఖలో ఉన్నవాళ్లు ఒక లెక్క వేసుకోవాలి. మీ విభాగంలో ఫ్లో లేకపోతే, ఊళ్లో ఇంకోచోట అడిగితే దొరకకపోతే, హైదరాబాద్ వెళ్లాలి. రంగేసిన కణాలను గంటలోపు యంత్రంలో పెట్టాలి. సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పొద్దున్న దిగేలోపు బతికున్నవి కూడా చస్తాయి, మీరు చూసేది రైలు చేసిన చావు. కొవ్వు ఆక్సీకరణం చూపే బోడిపై రంగు కూడా అంతే, బతికున్న కణాల్లోనే చూడాలి. అందుకే పరీక్షను ఎంచుకునేటప్పుడు "ఇది ప్రయాణం చేయగలదా" అని అడగడం నేను అలవాటు చేసుకున్నాను.

ప్రయాణం చేసేవి ఉన్నాయి. 70 శాతం చల్లటి ఆల్కహాల్‌లో స్థిరపరిచిన కణాలు వారాలు నిలుస్తాయి, వాటిలో సబ్-జీ1, అంటే డీఎన్ఏ ముక్కలై తగ్గిపోయిన కణాలు, చూడొచ్చు. తెగిన డీఎన్ఏ చివరలకు రంగు పట్టించే ట్యూనెల్ కూడా స్థిరపరిచిన కణాల్లోనే చేస్తారు. వెస్టర్న్ బ్లాట్‌కు తీసిన ప్రోటీన్ సారం డ్రై ఐస్‌లో వెళ్తుంది. ఇంటర్‌ల్యూకిన్-1 బీటా ఎలైజాకు మీడియంను గడ్డకట్టించి పంపొచ్చు. పొర చిరిగితే బయటికి కారే ఎంజైము ఎల్‌డీహెచ్ మాత్రం గడ్డకట్టిస్తే తగ్గిపోతుంది, అదే రోజు అక్కడే చేసేయండి. దానికి మామూలు ప్లేట్ రీడర్ చాలు.

ఫెరోప్టోసిస్ వాళ్లు స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 532 నానోమీటర్ల దగ్గర ఎండీఏ (కొవ్వు ఆక్సీకరణంలో పుట్టే పదార్థం) కొలిచి ఊరుకుంటారు. కొవ్వు ఆక్సీకరణం ఏ చావులోనైనా ఎంతో కొంత ఉంటుంది. డెస్‌ఫెరాల్‌తో, విటమిన్ ఇతో కణం బతకడం, జెడ్‌వ్యాడ్‌తో బతకకపోవడం చూపిస్తేనే ఆ ఎండీఏ అంకెకు అర్థం వస్తుంది.

ఇంకొకటి, తుపాను కాలం. హుద్‌హుద్ వచ్చిన 2014 అక్టోబరు 12 తర్వాత ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. నాకు తెలిసిన ఒక ల్యాబులో ఫ్రీజర్‌లోని యాంటీబాడీలన్నీ పోయాయి, ద్రవ నత్రజని డబ్బాలో ఉన్న కణాలు మాత్రం మిగిలాయి. ఖరీదైన యాంటీబాడీ అక్టోబరు, నవంబరుల్లో వచ్చేలా ఆర్డరు పెట్టకండి.

ఎవరికి ఏది

ఎమ్మెస్సీ పిల్లలకు, ఆరు నెలలే ఉన్నవాళ్లకు, నేను చెప్పేది ఇది. సిస్‌ప్లాటిన్, ఆక్సాలిప్లాటిన్. రెండూ ప్లాటినం మందులే, రెండూ డీఎన్ఏను పట్టుకునేవే, రెండింటితోనూ కణం అపోప్టోసిస్‌తో చస్తుంది. కానీ ఆక్సాలిప్లాటిన్‌తో చచ్చే పెద్దపేగు క్యాన్సర్ కణం కాల్‌రెటిక్యులిన్‌ను పైకి తెస్తుంది, సిస్‌ప్లాటిన్‌తో చచ్చేది సరిగా తేదు. చావు ఒకటే, పంపే కబురు వేరు. రెండు మందులూ సమానంగా కణాలను చంపే మోతాదు కనుక్కోండి, జెడ్‌వ్యాడ్‌తో అపోప్టోసిస్ అని నిరూపించండి, తర్వాత పొర మీద కాల్‌రెటిక్యులిన్‌ను ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోపులో చూడండి, కణానికి రంధ్రాలు చేయకుండా. ఫ్లో లేకపోయినా నడుస్తుంది. కణ మరణం, క్యాన్సర్, రోగనిరోధకత మూడూ ఒకే ప్రాజెక్టులోకి వస్తాయి. డాక్సోరుబిసిన్ ఎందుకు వద్దంటే దానికదే ఎర్రగా వెలుగుతుంది, పీఐ రంగుతో కలిసిపోయి కొత్తవాళ్లను తికమక పెడుతుంది.

చేతి నేర్పు ఉండి, గైడ్ రోజూ అందుబాటులో ఉండేవాళ్లకు ఫెరోప్టోసిస్ రెండో ఎంపిక. నాచు సారం, ఆకు సారం మీద మనసున్నవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. ఆ సారాల్లో ఆక్సీకరణాన్ని ఆపే పదార్థాలు నిండుగా ఉంటాయి, అవి ఫెరోప్టోసిస్‌ను ఆపే అవకాశమే ఎక్కువ. "మా సారం ఫెరోప్టోసిస్ చేస్తుందా" అని కాకుండా "ఆపుతుందా" అని అడిగితే మీ మన్యం మొక్కకు నిజమైన ప్రశ్న దొరకొచ్చు.

పీహెచ్‌డీకి, నాలుగైదేళ్లు చేతిలో ఉన్నవాళ్లకు, నా ఓటు గ్యాస్‌డెర్మిన్ ఇ వైపు. మన దగ్గర వాడే కీమో మందులకు, ఏ కణితిలో ఆ జన్యువు మూసి ఉంది, మిథైలేషన్ తీసేసే మందుతో తెరిస్తే చావు తీరు మారుతుందా, అలా మారితే ఆరోగ్యకరమైన కణజాలానికి ఎంత దెబ్బ తగులుతుంది అన్నవి ఇంకా తవ్వాల్సిన బావులే. జంతు ప్రయోగాలకు అనుమతి ఉన్న చోట చేరండి. అడ్మిషన్‌కు ముందే ఆ మాట అడగడంలో తప్పులేదు, మొహమాటపడకండి.

పాథాలజీ పీజీల దారి వేరు. కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రుల్లో, అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి లాంటి చోట మీ చేతికి వచ్చేది బతికున్న కణం కాదు, కణితి ముక్కను మైనంలో పోతపోసిన పారాఫిన్ దిమ్మ. దానికి అపోప్టోసిస్ తప్ప మిగతావి ప్రస్తుతానికి పొసగవు. కోసిన కాస్పేస్-3కు, అంటే క్లీవ్డ్ కాస్పేస్-3కు మంచి యాంటీబాడీలున్నాయి. మామూలు హెచ్ అండ్ ఈ స్లైడులో అపోప్టోటిక్ పొట్లాలు లెక్కపెట్టొచ్చు, పక్కనే సీడీ8 టీ కణాలు ఎక్కడున్నాయో చూసి రెండూ కలిపి మ్యాప్ చేయొచ్చు. జీపీఎక్స్4 రంగు ఎక్కువగా పట్టింది కాబట్టి ఫెరోప్టోసిస్ అని రాయకండి. ప్రోటీన్ ఉండటం వేరు, చావు జరగడం వేరు. సంస్థ నైతిక సంఘం అనుమతి చేతికి రాకముందు ఒక్క దిమ్మ కూడా కోయకూడదు.

రెండు పేర్లు కలిపి కొత్త పేరు పెట్టే ధోరణి కూడా ఉంది. ఏ చావును ఏ పేరుతో పిలవాలో, దానికి కనీస రుజువులేమిటో కణ మరణ నామకరణ సంఘం (ఎన్‌సీసీడీ) 2018లో ప్రచురించింది. మీ అంశం ఖాయం చేసుకునే ముందు ఆ వ్యాసంలో మీ దారికి సంబంధించిన భాగం చదివి, అందులో అడిగిన రుజువుల్లో మీరు ఎన్ని ఇవ్వగలరో పక్కన టిక్కులు పెట్టుకోండి. సగం కూడా రాకపోతే అంశం మార్చండి.

శ్రీకాకుళం పిల్ల ప్లాటినం జంటే తీసుకుంది. హెచ్‌టీ-29 కోసం పుణెకు ఉత్తరం రాసింది. వెళ్లే ముందు గుమ్మం దగ్గర ఆగి, "మందులు డీఎంఎస్‌ఓలోనే కలపాలి కదా మేడమ్?" అని అడిగింది. ల్యాబుల్లో మందులు కరిగించడానికి మామూలుగా వాడే ద్రావకం అది. ఆ ఒక్క ప్రశ్న అడగకుండా వెళ్లి ఉంటే ప్రాజెక్టంతా పోయేది. డీఎంఎస్‌ఓ ప్లాటినంను పట్టేసి మందును చంపేస్తుంది. సిస్‌ప్లాటిన్ సెలైన్‌లో, ఆక్సాలిప్లాటిన్ నీళ్లలో గానీ 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లో గానీ, సెలైన్‌లో మాత్రం కాదు, అని ఆ కాగితం వెనకే రాసిచ్చాను.